దేవదూత కుడిచెయ్యి

సిన్సినాటి,
అక్టోబర్ 12, 2024

లీలత్తా,

ముందు ఆ ఎర్ర పెన్ను పక్కన పెట్టు. ఈసారి తప్పులు దిద్దకుండా చదువు. సంతోషంగా ఉన్నప్పుడు నాకు వత్తులు సరిగ్గా పడవు. పదకొండేళ్ళకి కాకినాడ నుంచి వచ్చేసినదాన్ని, ఈ మాత్రం తెలుగు మిగిలిందంటే నీకు రాసే ఉత్తరాల వల్లే. నీకు ఫోన్‌లో మాట సరిగ్గా వినపడకపోవడం ఒకరకంగా నా అదృష్టం.

మా మ్యూజియంకి ఒక దేవదూత వచ్చింది. ఐదడుగుల చెక్క బొమ్మ, వయసు మూడు వందల ఏళ్ళు. ఈ ఊరి పాత జర్మన్ కుటుంబం ఒకటి తమ ఇంట్లో తరతరాలుగా ఉన్నదాన్ని మాకు ఇచ్చేసింది. దుమ్ము తీసి, పగుళ్ళు పూడ్చి, మే నెల ఎగ్జిబిషన్‌కి సిద్ధం చెయ్యడం నా పని. పెట్టె పగలగొట్టిన రోజు పొద్దున్న నది మీంచి పొగమంచు లేచి మా కిటికీల దాకా వచ్చింది. ఆ తెల్లటి వెలుగులో, వస్త్రం మడతల్లో ఇంకా మిగిలిన బంగారు పూత మెల్లగా మెరిసింది. నేను కాసేపు ఏ పనీ చెయ్యకుండా అలా నిలబడిపోయాను.

చెక్కినవాడి పేరు లోరెంజ్ వైడ్నర్. బవేరియాలో ఒక పిండిమర వడ్రంగి కొడుకు. పంతొమ్మిదో ఏట కాలినడకన రోమ్ వెళ్ళాడట. అక్కడ పాలరాయిని పట్టుబట్టలా ఎగిరేట్టు చెక్కేవాళ్ళని చూసి, రెండేళ్ళుండి, మళ్ళీ కొండలు దాటి నడిచొచ్చాడు. ఆ కాలపు శిల్పాన్ని బరోక్ అంటారు అత్తా. అందులో ఎవరూ ఊరికే నిలబడరు. ఎవరో పిలిచినట్టు తల తిప్పుతారు, ఇప్పుడే ఏదో చెప్పబోతున్నట్టు పెదవి విప్పుతారు. వైడ్నర్ బొమ్మల్లో అయితే లేని గాలి వీస్తుంది. దగ్గరికి వెళ్తే నా జుట్టు కూడా కదులుతుందేమో అనిపిస్తుంది. నలభై చర్చిలకి పనిచేశాడు. 1731లో పోయాడు.

ఒకటే ఇబ్బంది. ఎడమచెయ్యి ఎంతో అందంగా ఉంది. కుడిచెయ్యి మన వైపు చాపి ఉంటుంది, అదే ముందు కంటపడుతుంది, అదే బాగాలేదు. చివరి రెండు వేళ్ళు కొక్కేల్లా వంగి ఉన్నాయి. ఎప్పుడో విరిగిపోతే పనిరాని వాడెవడో అతికించి ఉంటాడని మా డైరెక్టర్ అంటోంది. దాన్ని తీసేసి కొత్త చెయ్యి చెక్కించాలని ఆ కుటుంబం కోరిక. మార్చిలో మీటింగ్ పెట్టి తేల్చేస్తారు.

నువ్వు ముప్పై ఏళ్ళు చేతులకే ఆపరేషన్లు చేశావు కదా. ఫోటోలు పెడుతున్నాను. ఈ చెయ్యి ఎక్కడ తప్పిందో చెప్పు.

నీ ముద్దుల మేనకోడలు,
ఉజ్వల


అరోరా,
అక్టోబర్ 29, 2024

ఉజ్వలా, తల్లీ,

ఉత్తరం, ఫోటోలు అందాయి. వత్తులు బాగానే పడ్డాయి.

ఇక్కడ మేపుల్ ఆకులన్నీ ఒకేసారి రాలాయి. పక్కింటి రాజారావు గారు రోజూ పొద్దున్నే ఆకులు ఊదే మెషీన్ వేసుకుని బయల్దేరతారు. నేను చెవిలోంచి వినికిడి మెషీన్ తీసేస్తాను. ఇక కిటికీలోంచి చూస్తే ఆయన మాటా పలుకూ లేకుండా ఎర్రటి మేఘాన్ని తోలుకుపోతున్నట్టు ఉంటుంది. చెవుడులో కూడా కొన్ని సుఖాలున్నాయి.

నీ ఫోటోలు డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని చూస్తూ మధ్యాహ్నం కునుకు తీశాను. కలలో ఆ దేవదూత మా ఫాక్స్ నదిలో చీలమండ లోతు నీళ్ళల్లో నిలబడి ఉంది. ఎక్కడా గాలి లేదు, దాని బట్టలు మాత్రం ఎగురుతున్నాయి. నాకు చెయ్యి చాపింది. అలవాటు కొద్దీ నాడి చూశాను. చెయ్యి వెచ్చగా ఉంది. మెలకువ వచ్చాక కూడా ఆ వెచ్చదనం కాసేపు నా వేళ్ళకి ఉంది.

ఇక నువ్వడిగింది. అందులో శిల్పి తప్పు ఏమీ లేదు. అది జబ్బు చేసిన చెయ్యి. మోచేతి దగ్గర ఒక నరం నలిగిపోతే చిటికెనవేలు, ఉంగరంవేలు అలాగే వంగుతాయి. మూడో ఫోటో చూడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి చిన్న గుంట పడింది. పనిరానివాడు వేళ్ళు వంకరగా చెక్కగలడేమో కానీ ఆ గుంట చెక్కలేడు. అటువంటి చేతిని రోజూ దగ్గర్నుంచి చూసినవాడికే అది తెలుస్తుంది.

దాన్ని తీయనివ్వకు.

చలి మొదలైంది, స్వెట్టర్ వేసుకో.

అత్త


సిన్సినాటి,
నవంబర్ 16, 2024

అత్తా,

నీ ఉత్తరం కంప్యూటర్‌లో కొట్టి పంపావేమిటి? కవరు విప్పగానే ఆఫీస్ నోటీసు అనుకున్నాను. సంతకం కూడా లేదు. నీ చేతిరాత లేకపోతే నాకు నీ ఉత్తరం వచ్చినట్టే ఉండదు. కోపంగానీ వచ్చిందా? థాంక్స్‌గివింగ్‌కి నీ దగ్గరికి వస్తానని రాలేకపోతున్నందుకా?

కానీ నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ చేతికి ఎక్స్‌రే తీయించాను. మామూలుగా ఇలాంటి బొమ్మలకి చేతులు విడిగా చెక్కి, మేకు దిగ్గొట్టి అతికిస్తారు. ఎడమచెయ్యి అలాగే ఉంది. కుడిచేతికి అతుకు లేదు. చెక్క చారలు మోచేతి నుంచి వేలికొసల దాకా ఎక్కడా ఆగకుండా పారుతున్నాయి. అంటే ఆ వంకర వేళ్ళు మొదట్నుంచీ ఉన్నాయి. నిన్ను ఎగ్జిబిషన్ పుస్తకంలో డాక్టర్ లీల అని రాస్తాను, సరేనా.

ఇంకోటి దొరికింది, అది మాత్రం నాకు నచ్చలేదు. వైడ్నర్ ఊరి పాత కాగితాలు ఉన్నచోట నాతో చదువుకున్న రాకేష్ పనిచేస్తున్నాడు. శిల్పుల సంఘానికి వైడ్నర్ మీద వచ్చిన ఫిర్యాదు ఒకటి స్కాన్ చేసి పంపాడు. "లోరెంజ్ వైడ్నర్ కుడిచెయ్యి రెండేళ్ళుగా చచ్చుబడి ఉంది. శిష్యుల చేత చెక్కించి తన పేరు వేసుకుంటున్నాడు. పని అప్పగించిన మఠం వాళ్ళకి ఈ సంగతి తెలియదు" అని ఉంది. నా మనసు విరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మనిషిని కొండ దాటుతున్న కుర్రాడిలా ఊహించుకుని ఆ బొమ్మ పక్కన కూర్చున్నాను. తీరా చూస్తే మోసగాడు. చెయ్యి పోయిందని తెలిసిన రోజే పక్కకి తప్పుకోవాలి కదా. నమ్మి పని అప్పగించినవాళ్ళ దగ్గర దాచడం కంటే నీచం ఇంకేముంటుంది? నువ్వు చూడు, పని చాలనుకున్న రోజు హుందాగా రిటైర్ అయ్యావు.

అమ్మ అంటోంది, నువ్వు గుడికి వెళ్ళి పదిహేనేళ్ళు దాటిందని, మనుషులంటేనే విసుగొచ్చిందని. నాకు మాత్రం విసుక్కోకుండా రాయి, నీ చేత్తో.

ఉజ్జీ


అరోరా,
డిసెంబర్ 3, 2024

ఉజ్వలకి,

ఉత్తరం అందింది. మీ నాన్న మొత్తానికి నీకు చెప్పాడన్నమాట. చెబితే చెప్పాడు. సూటిగా అడగకుండా ఎవరో శిల్పి మీద పెట్టి రాయనక్కర్లేదు. నీ తీర్పు అర్థమైంది.

నా పేరు ఏ పుస్తకంలోనూ వెయ్యొద్దు.

లీల


సిన్సినాటి,
డిసెంబర్ 20, 2024

అత్తా,

నీ ఉత్తరం ఇరవైసార్లు చదివాను. నాలుగు ముక్కలే కాబట్టి త్వరగా కంఠతా వచ్చేసింది. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.

నాన్న నాకు ఏం చెప్పాడు? పిస్కాటవేలో ఇంటికి ఫోన్ చేసి అడిగితే "అక్క గురించా? నాకేం తెలుసమ్మా, ఏదో మూడ్ బాగాలేదేమో, నాలుగు రోజులు వదిలెయ్యి" అన్నాడు. అమ్మ పక్కనుంచి "థాంక్స్‌గివింగ్‌కి నువ్వు వెళ్ళలేదుగా, అదే" అంది. అదే అయితే అత్తా, నన్ను తిట్టు. పనుంది అన్నది అబద్ధం కాదు, కానీ రావాలనుకుంటే వచ్చేదాన్ని. అంతకంటే నా తప్పేమిటో నాకు తెలీదు.

డైరెక్టర్ కొత్త చేతి కోసం ఒక వుడ్ కార్వర్‌ని పిలిపించింది. మంచి పనివాడు. దేవదూత ఎడమచేతిని కొలిచి, దానికి అద్దంలో ప్రతిబింబంలా ఒక చెయ్యి గీసి చూపించాడు. చాలా అందంగా ఉంది. నేను ఎక్స్‌రే చూపించి వాదించాల్సింది. నోరు రాలేదు. ఒక మోసగాడి వంకర చెయ్యి కోసం ఎందుకు పోట్లాడాలో నాకే తెలియలేదు.

మంచు పడుతోంది. స్టూడియోలో పైకప్పు అద్దం మీద పేరుకుని, లోపలంతా నీటి అడుగున ఉన్నట్టు నీలంగా ఉంది. దేవదూత ఆ నీలంలో చెయ్యి చాపి నిలబడి ఉంది. నేను అటు చూడకుండా పనిచేసుకుంటున్నాను.

ఒక్క అక్షరం రాసినా చాలు.

ఉజ్వల


సిన్సినాటి,
ఫిబ్రవరి 2, 2025

అత్తా,

నువ్వు జవాబు రాయకపోయినా నేను రాయాలి. నేను తప్పు చెప్పాను. నీ విషయంలో ఏం తప్పు చేశానో ఇంకా తెలీదు, వైడ్నర్ విషయంలో మాత్రం తెలిసింది.

పోయిన వారం బొమ్మ కుడిచేతిని శుభ్రం చేస్తూ, లైట్‌ని పక్కగా పెట్టి చూశాను. అలా చూస్తే ఉలి దెబ్బలు చిన్నచిన్న అలల్లా లేస్తాయి. బొమ్మ మొత్తం మీద అలలు కుడి నుంచి వస్తున్నాయి, కుడిచేతివాటం వాళ్ళు చెక్కితే వచ్చినట్టు. కుడిచేతి మీద మాత్రం ఎడమ నుంచి వస్తున్నాయి. పొట్టిపొట్టిగా, తడబడుతూ, ఒక్కోచోట ఒకే దెబ్బ నాలుగుసార్లు వేసినట్టు. ఆ ఒక్క చేతిని ఎవరో ఎడమచేత్తో చెక్కారు.

రాకేష్‌ని మళ్ళీ వెతకమని బతిమాలాను. నిన్న వైడ్నర్ స్వయంగా మఠాధిపతికి రాసుకున్న ఉత్తరం పంపాడు. ఫిర్యాదు కంటే తొమ్మిది రోజుల ముందు తేదీ. నాకు చేతనైనట్టు తెలుగు చేశాను:

"అయ్యా, నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ మీ దగ్గర దాచాను. పొద్దున్నే లేచి ఇవాళ వస్తుందేమోనని ఉలి పట్టుకుని చూసేవాణ్ణి. రాలేదు. ఇప్పుడు పంపుతున్న దేవదూతని నా శిష్యులు చెక్కారు. మొహం, రెక్కలు, వస్త్రం వాళ్ళవి. కుడిచెయ్యి ఒక్కటే నేను చెక్కాను. ఎడమచేత్తో, నా కుడిచేతిని బల్ల మీద పెట్టుకుని చూస్తూ, శీతాకాలమంతా చెక్కాను. మీరు దీన్ని తిప్పి పంపినా నాకు బాధ లేదు. ఇంకొకరి నోటివెంట వినకముందే మీరు దీన్ని నా నుంచే తెలుసుకోవాలి."

మఠాధిపతి ఏం జవాబిచ్చాడో తెలియదు. ఆ కాగితం లేదు.

అత్తా, ఇది చదివి నేను స్టూల్ మీద కూర్చుని ఏడ్చాను. అంత తేలిగ్గా ఆయన్ని ఆ మాట అన్నందుకు. నేను వాదిస్తాను. మీటింగ్ మార్చి 24న.

ఉజ్జీ


అరోరా,
ఫిబ్రవరి 14, 2025

ఉజ్వలా,

ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు పిల్లల పలక మీద రాతలా ఉంటే ఓర్చుకో. ఇదివరకటివి కంప్యూటర్‌లో కొట్టింది కోపంతో కాదు. నా కుడిచెయ్యి నీ దేవదూత చెయ్యిలాగే ఉంటుంది. నువ్వు గమనించలేదు, ఎందుకంటే నేను గమనించనివ్వలేదు. సభల్లో శాలువా, ఇంట్లో చీర కొంగు. ఆ ఫోటో చూసి జబ్బు పేరు చెప్పడానికి నాకు చదువు అక్కర్లేకపోయింది.

మీ నాన్న నీకేం చెప్పలేదని ఇప్పుడు నమ్ముతున్నాను. వాడికి తెలిసిందల్లా అక్కకి చెయ్యి కాస్త బాగాలేక రిటైర్ అయిందని. మిగతాది ఎవరికీ తెలియదు.

2008 వేసవిలో చిటికెనవేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తర్వాత ఉంగరంవేలు. మా పనిలో ఒక చిన్న పరీక్ష ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, రెండో చేత్తో లాగాలి. చెయ్యి బాగుంటే కాగితం కదలదు. ఇంకొకరికైతే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని, ఇక మీరు కత్తి పట్టుకోకండి అని. నేను రోజూ పొద్దున్నే వంటింట్లో నిలబడి ఆ పరీక్ష చేసుకునేదాన్ని. కాగితం జారిపోయేది. మడిచి పారేసి, కార్ తీసుకుని హాస్పిటల్‌కి వెళ్ళేదాన్ని. అలా ఏడు నెలలు.

2009 జనవరిలో ఉమామహేశ్వరి అని ఒకావిడ వచ్చింది. నేపర్‌విల్‌లో వీణ నేర్పేది. ఎడమచేతి మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోతోంది. అరగంట కూడా పట్టని ఆపరేషన్, నేను వెయ్యి చేసి ఉంటాను. కత్తి ఒక వెంట్రుకవాసి పక్కకి పోయింది. నాకు తెలిసింది. కుట్టగలిగినంత కుట్టాను. తర్వాత ఆవిడతో "నరం అప్పటికే బాగా నలిగిపోయి ఉందండీ, ఎంతవరకు వస్తుందో చెప్పలేం" అన్నాను. ఆవిడ కట్టు కట్టిన చేతిని రెండో చేతితో కలిపి నాకు దణ్ణం పెట్టింది.

వీణ మెట్ల మీద నడిచే వేళ్ళు ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు. ఆ రెండూ మొద్దుబారిపోయాయి. తీగ ఉందో లేదో వాటికి తెలియదు. ఆవిడ మళ్ళీ వాయించలేదు. నేను రెండు వారాల్లో రిటైర్ అయ్యాను. నువ్వన్న ఆ హుందా రిటైర్‌మెంట్ అదే. పార్టీ ఇచ్చారు. ఆవిడ కూడా వచ్చింది, పులిహోర చేసుకుని.

గుడిలో కనిపించినప్పుడల్లా అడిగేది, "ఇంకా టైమ్ పడుతుందా డాక్టరుగారూ?" అని. ఆ ప్రశ్న వినలేక గుడి మానేశాను. దేవుడితో నాకేం పేచీ లేదు.

మోసగాడు అన్న మాట నీ చేతిరాతలో చదివాను. నిజం కాబట్టే తట్టుకోలేక నీ మీద విరుచుకుపడ్డాను. మీ వైడ్నర్ రెండేళ్ళకి చెప్పాడు. నాకు పదహారేళ్ళయింది.

నువ్వు జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను.

అత్త


సిన్సినాటి,
ఫిబ్రవరి 25, 2025

అత్తా,

నాలుగు కాగితాలు రాసి చింపేశాను. పరవాలేదులే అని ఒకటి రాశాను, అది నీకు నచ్చదని తెలుసు. నాకూ నచ్చలేదు.

నువ్వంటే నాకున్నది తగ్గలేదు. తగ్గుతుందేమోనని రెండు రోజులు ఊరికే కూర్చుని చూశాను, తగ్గలేదు. కానీ నీ ఉత్తరం మూసినప్పటినుంచీ నా ఆలోచన నీ గురించి కాదు. ఆ పులిహోర గిన్నె పట్టుకుని పార్టీకి వచ్చిన మనిషి గురించి. ఆవిడ వీణ ఇప్పుడు ఎక్కడ ఉంది? గవిసెన తొడిగి మూలన పెట్టిందా? ఎప్పుడైనా విప్పి చూసుకుంటుందా? ముఖం కూడా తెలియని ఆవిడ నాకు కలలోకి వచ్చింది, నీటి మీద మెట్లు ఎక్కుతూ, ఏ మెట్టు తగులుతోందో తెలియక ఆగిపోతూ.

ఒకటే అడుగుతాను, తర్వాత ఇంకెప్పుడూ ఎత్తను. ఆవిడకి తెలుసా?

ఎడమచేతి రాత బాగానే ఉంది. "ణ" మాత్రం తిరగబడింది. ఈసారి ఎర్ర పెన్ను నాది.

ఉజ్జీ


అరోరా,
మార్చి 19, 2025

ఉజ్వలా,

నిన్న వెళ్ళాను. రాజారావు గారిని దింపమంటే నేపర్‌విల్ దాకా దింపి, కార్‌లో పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు. ఎందుకని అడగలేదు, మంచి మనిషి.

ఉమామహేశ్వరి తలుపు తీసి నన్ను చూడగానే మొహం విప్పారింది. అదే నాకు అన్నిటికంటే కష్టమైంది. జుట్టు నెరిసింది, అంతే తేడా.

"రండి, రండి. ఎన్నేళ్ళయింది డాక్టరుగారూ. కాఫీ పెట్టనా?" అంది.

"ముందు ఒక మాట చెప్పాలి. విన్నాక పెట్టాలనిపిస్తే పెట్టండి" అన్నాను.

చెప్పాను. తిమ్మిరి, కాగితం, ఏడు నెలలు, వెంట్రుకవాసి, తర్వాత నేనాడిన మాట. నా చెయ్యి కొంగులోంచి తీసి ఆవిడ టేబుల్ మీద పెట్టాను. మీ శిల్పి సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన లేకపోతే వచ్చేదాన్ని కాదని ఒప్పుకోవాలనిపించింది.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. కిటికీ మీద మంచు కరిగి నీరు కారుతోంది, ఆ నీడలు గోడ మీద కదులుతున్నాయి. ఇద్దరం ఎక్కడో లోతున కూర్చున్నట్టు ఉంది.

తర్వాత అడిగింది. "ఆ రోజు పొద్దున్న కూడా కాగితం జారిందా?"

"జారింది."

"జారాకే వచ్చారు."

"జారాకే వచ్చాను."

తన రెండు వేళ్ళనీ తిప్పి చూసుకుంది. "మీరు ఎక్సర్‌సైజులు రాసిచ్చారు, గుర్తుందా? రోజుకి ఇరవై సార్లు అన్నారు. స్కూల్ పనిలో పడి నేను ఒక్కోరోజు పదే చేసేదాన్ని. అందుకే వేళ్ళు రాలేదనుకున్నాను. పదహారేళ్ళు అదే అనుకున్నాను డాక్టరుగారూ. నా బద్ధకం వల్లే పోయిందని మా ఆయనతో కూడా చెప్పాను. ఆయన అలాగే అనుకుని పోయారు."

నాకు అది తట్టనే లేదు ఉజ్వలా. నేను ఆవిడ వేళ్ళు ఒక్కటే తీసుకున్నాననుకున్నాను.

"ఇప్పుడు మీరొచ్చింది నా కోసమా, మీ కోసమా?" అంది.

"మొదట నా కోసమే. ఇప్పుడు మీరు చెప్పింది విన్నాక, ముందే రావలసింది మీ కోసం" అన్నాను.

"వెళ్ళండి" అంది. గట్టిగా కూడా అనలేదు. కాఫీ పెట్టలేదు.

ఇదీ జరిగింది. నీ మీటింగ్ బాగా జరగాలి.

అత్త


సిన్సినాటి,
ఏప్రిల్ 4, 2025

అత్తా,

ఆవిడ గురించి ఎత్తనని మాట ఇచ్చాను, ఎత్తడం లేదు. నువ్వు సరిగ్గా తింటున్నావా అని మాత్రం అడుగుతాను. రాజారావు అంకుల్‌ని కూడా అడుగుతాను, నీ జవాబుతో సరిచూసుకోవడానికి.

మీటింగ్‌లో ఎక్స్‌రే, ఉలి గుర్తులు, వైడ్నర్ ఉత్తరం, మూడూ చూపించాను. డైరెక్టర్ మెత్తబడింది కానీ తేల్చాల్సింది బొమ్మ ఇచ్చిన పెద్దాయన. ఎనభై ఏడేళ్ళు ఉంటాయి. వాకర్ పట్టుకుని వచ్చాడు. నేను చెప్పిందంతా విని స్టూడియోలోకి తీసుకెళ్ళమన్నాడు. లైట్లు తీసేయించి, నా టార్చ్ అడిగి తీసుకుని, ఆ చేతి మీద పక్కగా వేసి చూశాడు. ఆ చిన్నచిన్న అలలు లేచాయి. ఆయన చెయ్యి వణుకుతుంటే అలలన్నీ కదిలాయి, చెక్క ఊపిరి తీసుకుంటున్నట్టు.

చివరికి అన్నాడు, "చలికాలం వస్తే మా అమ్మ ఈ చేతికి ఉన్ని తొడుగు వేసేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. దీనికి నొప్పిగా ఉంటుందిరా అనేది. ఆవిడకి ఎలా తెలిసిందో." తర్వాత డైరెక్టర్ వైపు తిరిగి "ఉండనివ్వండి" అన్నాడు.

కొత్త చెయ్యి గీసిన కార్వర్ కూడా అక్కడే ఉన్నాడు. తన డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకుని, ఆ ఉలి గుర్తుల్ని ఒక గంట చూసి వెళ్ళాడు.

వైడ్నర్ ఉత్తరాన్ని బొమ్మ పక్కనే గోడ మీద వేస్తున్నాం. మే 3 శనివారం ఓపెనింగ్. నువ్వు రావాలి. నేనొచ్చి కార్‌లో తీసుకెళ్తాను.

ఉజ్జీ


అరోరా,
మే 14, 2025

ఉజ్వలా,

ఆ రోజు జనంలో నీకు ఏమీ చెప్పలేకపోయాను. నిన్ను రావొద్దని మెసేజ్ పెట్టి, ఉమామహేశ్వరితో కలిసి దిగేసరికి నువ్వు తెల్లబోయావు. తెల్లబోయినా ఒక్క ప్రశ్న అడగకుండా ఆవిడకి కుర్చీ తెచ్చావు. అందుకు నీకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం ఆవిడే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి "ఆ బొమ్మ ఎక్కడుంది?" అని అడిగింది. చెప్పాను. "నేను డ్రైవ్ చేస్తాను. దారిలో నాతో మాట్లాడకండి" అంది.

మే 3న పొద్దున్నే బయల్దేరాం. ఐదు గంటలు మాట్లాడలేదు. ఇండియానాలో గాలిమరలు ఉంటాయి చూడు, వందల కొద్దీ. ఆ పొద్దున్న కింద పొగమంచు కమ్మి, స్తంభాలు కనపడక, పైన రెక్కలు మాత్రం తెల్లగా తిరుగుతున్నాయి. నేల లేని చోట ప్రయాణిస్తున్నట్టు ఉంది. ఆవిడ ఒకసారి కార్ స్లో చేసి వాటిని చూసింది. నేనూ చూశాను. అంతే.

నువ్వు మైక్ దగ్గర మాట్లాడుతున్నప్పుడు మేమిద్దరం వెనక, బొమ్మ దగ్గరే ఉన్నాం. ఆవిడ గోడ మీద ఉత్తరం మొత్తం చదివింది. తర్వాత తన ఎడమచెయ్యి ఎత్తి దేవదూత కుడిచేతి పక్కన, తగలకుండా, పెట్టింది.

"ఇందులో దేనికి స్పర్శ ఉండదు?" అంది.

"చిటికెనవేలికీ ఉంగరంవేలికీ."

"మిగతావాటికి?"

"ఉంటుంది."

తన వేళ్ళు చూసుకుంది. "నాకు ఉన్నవి దీనికి లేవు. దీనికి ఉన్నవి నాకు లేవు" అంది. తర్వాత నా చెయ్యి చూసింది. నేను కొంగులో దాచుకోలేదు. చాలాసేపు చూసింది.

తిరిగి వస్తున్నప్పుడు ఇండియానాపోలిస్ దాటాక నోరు విప్పింది. "మిమ్మల్ని క్షమించేశానని అనుకోకండి."

"అనుకోవడం లేదు."

"మంగళవారం సాయంత్రం ఆరుగురు పిల్లలు వస్తారు నాకు. వాయించి చూపించలేను కదా, పాడి చెప్తాను. మీరొచ్చి కూర్చోండి. నేనేం పోగొట్టుకున్నానో డాక్టర్ భాషలో కాదు, మీ చెవులతో వినాలి."

నిన్న వెళ్ళాను. చెవి మెషీన్‌కి కొత్త బ్యాటరీ వేసుకుని, చివర్లో గోడకి ఆనుకుని కూర్చున్నాను. దియ అని పన్నెండేళ్ళ పిల్ల, అమెరికన్ యాసలో "టీచర్ గారు, ఇలాగా?" అని అడుగుతూ ఒక స్వరం మీటింది. ఉమామహేశ్వరి అదే స్వరాన్ని పాడి, గొంతుతోనే పైకి లాగి, కాస్త ఊపి, కిందకి దింపింది. "తీగని లాగు తల్లీ. ఇంకా. భయపడకు, తెగదు. ఇంకొంచెం." పిల్ల లాగింది. స్వరం వంగి, ఎక్కడో నిలిచి, మెల్లగా వచ్చి ఒళ్ళో వాలినట్టు ఆగింది. ఆ క్షణంలో నేను ఆవిడ ఎడమచేతిని చూశాను. మోకాలి మీద ఆ రెండు వేళ్ళూ లేని తీగని నొక్కి, పిల్లతో పాటే లాగుతున్నాయి. అలా లాగుతున్నాయని ఆవిడకి తెలియదు.

నాకు ఏడుపు రాలేదు ఉజ్వలా. ఏడిస్తే అది మళ్ళీ నా కోసమే అవుతుంది. కళ్ళు తిప్పుకోకుండా చివరిదాకా విన్నాను.

పిల్లలు వెళ్ళిపోయాక గుమ్మం దగ్గర అడిగింది, "విన్నారా?"

"విన్నాను."

"ఇంకా చాలా ఉంది. వచ్చే మంగళవారం రండి" అని తలుపు వేసుకుంది.

అత్త